మోచేతి మొండి నొప్పి : కత్తెర పట్టువారికి, పంపు కొట్టువారికి కొన్ని మాటలు



ఈ పత్రికయందు ఇంతవఱకు నేను పైరుల తెగుళ్లను గూర్చియే వ్రాయుచు వచ్చితిని. ఈ మాసము పైరును పెంచు చేతికే వచ్చు తెగులొకదానిని గూర్చి వ్రాయ దలంచితిని. వరికి అగ్గితెగులు కనబడిన నాడే మందు వెదకుదుము. ఎద్దు కుంటిన నాడే పశువైద్యుని పిలుతుము. మన మోచేయి నొచ్చినప్పుడు మాత్రము "పని చేయు చేయి నొవ్వక మానునా" యని త్రోసివేసి, నెలలు గడచిన పిదప చెంబెడు నీళ్లెత్తలేని స్థితికి వచ్చెదము. చేయి యాడిననే కూలి. కూలి యున్ననే పొయ్యి. కావున నిది చిన్న విషయము కాదు.

నేను చెప్పబోవునది మోచేతికి బయటి వైపున వచ్చు మొండి నొప్పి. వైద్యులు దీనిని టెన్నిస్ ఎల్బో యందురు. ఆ పేరు వినగానే "బంతులాడు దొరల రోగము మనకేల" యని తోచును. పేరు మోసకరమైనది. ఈ బాధను మొట్టమొదట 1873వ సంవత్సరమున వర్ణించిన రుంగె యను జర్మను వైద్యుడు, వ్రాతపని చేయువారి చేతి బాధలను గూర్చి వ్రాయుచు దీనిని పేర్కొనెను. అనగా నిది బంతిబల్లకంటె ముందు కలముతో వైద్యగ్రంథముల కెక్కినది. తరువాత పదేండ్లకు ఇంగ్లండులో పచ్చికపై టెన్నిస్ ఆట ప్రబలినప్పుడు, ఆటగాండ్రకు వచ్చిన యీ నొప్పిని గూర్చి అచ్చటి వైద్య పత్రికలలో లేఖలు వెలువడి, ఆ పేరు స్థిరపడినది. మన దేశమున నీ పేరు ఇంటింట వినబడినది 2004వ సంవత్సరమున. సచిన్ టెండుల్కరు దీనిచేత ఆటకు దూరమై, 2005లో లండను నగరమున శస్త్రచికిత్స చేయించుకొనెను. అయినను ఈ నొప్పితో బాధపడువారిలో టెన్నిస్ ఆడువారు నూటికి పదిమందికి మించరు. తక్కినవారందఱు పనిపాటలవారే.

పెద్దవారిలో నూటికి ఒకరు మొదలు ముగ్గురివఱకు దీనిచేత బాధపడుదురని వైద్యుల లెక్క. ముప్పదియైదు మొదలు ఏబదియైదేండ్ల వయసువారికి తఱచు వచ్చును. స్త్రీ పురుష భేదము లేదు. ఎక్కువగా వాడు చేతికే ఎక్కువగా వచ్చును.

మా యూరి సంగతి

నేను నివసించునది హఫీజ్‌పేట. 1998లో మాదాపురమున సైబర్ టవర్సు వెలసిన పిమ్మట మా చుట్టుపట్ల నేల రూపు మాఱినది. 2003లో ఎం.ఎం.టి.ఎస్. రైళ్లు నడువసాగిన నాటినుండి మా స్టేషనులో ఉదయ మెక్కువారిలో నాగలి పట్టిన చేతులకంటె కంప్యూటరు పట్టిన చేతులే యెక్కువ. మా సంఘ సభ్యులలో మిగిలిన సేద్యగాండ్రు శంకరుపల్లి, మొయినాబాదు, చేవెళ్ల వైపున భూములు చేయువారు, నర్సరీలు నడుపువారు, గేదెలను పెట్టుకొని పాలు పోయువారు.

ఒకనాడు రైలుకై నిలుచుండగా, మా పొరుగింటి చిన్నవాడు కుడి మోచేతికి పట్టీ కట్టుకొని వచ్చెను. నా చేతికిని అట్టి పట్టీయే యుండెను. అతడు నన్ను చూచి నవ్వి, "కాకా, నువ్వు కత్తెర పడ్తవు, నేను మౌసు పడ్త, ఇద్దరికీ ఒక్క తీరు నొప్పి ఎట్లొచ్చింది?" అని యడిగెను. ఆనాడు నాకు సమాధానము తెలియలేదు. నేడు తెలిసినది, అదియే యీ వ్యాసము.

గుర్తించుట యెట్లు?

చేతిని చాపినప్పుడు మోచేతికి బయటి ప్రక్కను, బొటనవ్రేలి వైపుగా, చిన్న యెముక గుబ్బ తగులును. ఆ గుబ్బమీదను, దానికి వ్రేలెడు ముందునను నొక్కినచో నొప్పి కలుగును. ఆ నొప్పి ముంజేతి వెనుకభాగము వెంట మణికట్టు వైపు ప్రాకును. ఊరక కూర్చున్నప్పుడు నొప్పి అల్పము. పట్టు పట్టినప్పుడు అధికము. తడిబట్ట పిండుట, తాళము త్రిప్పుట, చాయగిన్నె నెత్తుట, ఇతరులతో చేయి కలుపుట, ఇవి కష్టమగును. పిడికిటి పట్టు తగ్గును. ఉదయము లేచినప్పుడు మోచేయి బిగిసినట్లుండును.

ఇంటివద్దనే చేసికొనదగిన పరీక్షలు మూడు గలవు. మొదటిది: చేయి ముందునకు చాపి, అరచేయి నేలను చూచునట్లుంచి, పిడికిలి బిగించి మణికట్టును పైకెత్తవలెను; మఱియొకరు ఆ పిడికిలిని క్రిందికి నొక్కవలెను. రెండవది: చేయి అట్లే చాపి, వ్రేళ్లు తెఱచి, నడిమి వ్రేలు నొకటి పైకెత్తి పట్టగా ఎదుటివారు దానిని క్రిందికి నొక్కవలెను. మూడవది: అరచేయి క్రిందికుండునట్లు కుర్చీ వీపును పట్టి, చేయి చాపియే కుర్చీనెత్తవలెను. ఈ మూటిలో మోచేతి బయటి గుబ్బవద్ద నొప్పి పుట్టినయెడల అది మనము చెప్పుకొనుచున్న నొప్పియే యగుట మిక్కిలి సంభవము. లోపలి ప్రక్కను, అనగా చిటికెనవ్రేలి వైపున నొప్పి యున్నచో, అది దీని తోబుట్టువగు వేఱొక బాధ. దానిని గోల్ఫరు ఎల్బో యందురు.

లోపల జరుగునదేమి?

మీ కుడి పిడికిలిని గట్టిగా బిగించి, ఎడమచేతితో కుడి ముంజేతి వెనుకభాగమును తాకి చూడుడు. అచ్చటి కండరములు గట్టిపడుట తెలియును. ఇది వింతగా దోచును. వ్రేళ్లను ముడుచు కండరములు ముంజేతి లోపలి వైపున గదా ఉన్నవి. వెనుకవైపు కండరములకేమి పని? కారణమిది. పిడికిలి బిగించునప్పుడు లోపలి కండరములు వ్రేళ్లతోపాటు మణికట్టును గూడ లోనికి వంపజూచును. మణికట్టు వంగినచో పట్టు సడలును. అట్లు వంగకుండ వెనుకనుండి లాగి నిలుపునవి యీ వెనుకవైపు కండరములు. కావున ఏ వస్తువును పట్టినను, పట్టినంతసేపు ఇవి లాగుచునే యుండును.

ఈ కండరములు మోచేతి బయటి గుబ్బకు స్నాయుబంధనమను గట్టి త్రాటిచేత కట్టబడియున్నవి. గుంజకు కట్టిన మోకు ఎద్దు లాగిన ప్రతిసారి ముడివద్దనే ఒరసికొని అరుగును గాని నడుమ నరుగదు. మన చేతను నట్లే. కత్తెర నొక్కిన ప్రతిసారియు, పంపు పిడి నాడించిన ప్రతిసారియు, మౌసుపై వ్రేళ్లెత్తి నిలిపినంతసేపును, లాగుడంతయు ఆ చిన్న ముడిపై పడును. సంధ్యకు కొన్ని పోగులు నలుగును. రాత్రికి కొంత మానును. మానుటకంటె నలుగుట ఎక్కువైన నాడు నొప్పి మొదలగును. త్రాడువంటి యీ భాగమునకు రక్తప్రసారము కండరమునకున్నంత లేదు గనుక మానుట నిదానము. కత్తెరకును మౌసునకును ఒకే నొప్పి యేల వచ్చినదో యిప్పుడు బోధపడినది గదా. ఒకటి కొద్దిసేపు పెద్ద లాగుడు. మఱియొకటి పెద్దసేపు చిన్న లాగుడు. ముడి యొక్కటియే.

ఇచ్చట ముఖ్యమైన సంగతి యొకటి కలదు. చాలకాలము వైద్యులు దీనిని వాపువలన కలిగిన నొప్పిగా నెంచిరి. 1979లో నిర్షల్, పెట్రోను అను అమెరికా శస్త్రవైద్యులు ఆ భాగమును కోసి సూక్ష్మదర్శినిలో చూచినప్పుడు, వాపునకు గుర్తులగు కణములు కానరాలేదు. మానబోయి మానక, పోగులు చెదరి, అడ్డదిడ్డముగా పెరిగిన కణజాలమే కానవచ్చినది. అనగా మొండి దశలో నిది మంట కాదు, సగము మానిన అరుగుదల. మంటనార్పు మందు దీని నేల మాన్పదో దీనివలన తేటపడును.

నేను చేసిన పొరపాటు

నా వయసిప్పుడు నలుబది దాటినది. ద్రాక్షతోటలో ఏప్రిలు మాసమున నొకసారి, అక్టోబరు మాసమున నొకసారి కొమ్మలు కత్తిరింతుమని మీరెఱుగుదురు. ఒక అక్టోబరులో వరుసగా పండ్రెండు దినములు పందిరిక్రింద చేతులెత్తి కత్తిరింపు చూపించితిని. కత్తెర మొద్దువారి యుండెను. సానపట్టుటకు తీరిక లేదనుకొంటిని. పిమ్మట వారము పంపు భుజమున వేసికొని మందు చల్లుట చూపించితిని. మూడవ వారమున మోచేయి నొచ్చెను. లెక్కచేయలేదు. నెల గడచునప్పటికి గ్లాసెత్తలేకపోయితిని.

అప్పుడొక వైద్యశాలకు పోగా నొక సూదిమందు నిచ్చిరి. దాని పేరు స్టిరాయిడు. నాలుగు దినములలో నొప్పి మాయమైనది. నేనెంతయో సంతసించి, మరుసటి వారమే తోటలో దిగి, మునుపటికంటె రెట్టింపు పని చేసితిని. రెండు నెలలకు నొప్పి తిరిగివచ్చెను, ఈసారి తీవ్రముగా. మరల సూది. మరల సుఖము. మరల నొప్పి. మూడవసారి పోయినప్పుడు, "ఇది తిరిగి వచ్చునని ముందే యేల చెప్పలేదు" అని యడిగితిని. "మీరడుగలేదు" అను జవాబు వచ్చెను. చదువుకొన్న నేనే యడుగలేదు. ఇక చదువురానివారి మాట యేమి? ఈ వ్యాసము వ్రాయుటకు నిజమైన కారణమా జవాబే.

సూదిమందును గూర్చి లెక్కలు చెప్పునది

సూదిమందును నేను నిందించుటలేదు. దాని వలన మొదట కలుగు సుఖము నిజమైనదే. తరువాతి సంగతి గూడ తెలిసియుండవలెనని నా మనవి.

2002వ సంవత్సరమున నెదర్లాండ్సు దేశమున 185 మంది రోగులను మూడు భాగములుగా చేసి పరీక్షించిరి. ఒక భాగమునకు సూది, ఒక భాగమునకు ఫిజియోథెరపీ యను వ్యాయామ చికిత్స, ఒక భాగమునకు సలహా మాత్రమే యిచ్చి వేచియుండుట. ఆఱు వారములకు సూది పొందినవారిలో నూటికి 92 మందికి గుణము కనబడెను, వ్యాయామమువారిలో 47, వేచియున్నవారిలో 32. ఇంతవఱకు చూచినచో సూదియే గెలిచినది. ఏడాది గడచిన పిదప చూడగా సూదివారిలో నూటికి 69 మంది మాత్రమే బాగుగా నుండిరి; వ్యాయామమువారిలో 91; ఏమియు చేయక వేచియున్నవారిలో 83. అనగా ఏడాది చివర సూది పొందినవారు ఏమియు చేయనివారికంటె వెనుకబడిరి.

2006లో ఆస్ట్రేలియాదేశమున 198 మందితో జరిగిన పరీక్షలోను నిట్లే తేలినది. సూదితో బాగుపడినవారిలో నూటికి 72 మందికి నొప్పి తిరిగి వచ్చెను. నొప్పి తెలియకపోవుటచే చేయి తొందరపడి పనిలో దిగుటయొకటి, ఆ మందు పోగుల నల్లికను బలహీనపఱచుటయొకటి, దీనికి కారణములుగా చెప్పుదురు.

మన నేలకు యూరియా యెట్టిదో చేతికి సూది యట్టిది. నాలుగు దినములలో పచ్చదనము కనబడును. నేలలో సత్తువ చేరినదా లేదా యనునది వేఱు ప్రశ్న.

చికిత్సాక్రమము

మొదట ధైర్యము చెప్పెదను. ఈ నొప్పి ప్రాణాంతకము కాదు; చేయి పడిపోదు. సూది లేకయు, కత్తి లేకయు, ఏడాది మొదలు ఏడాదిన్నరలోపల నూటికి ఎనుబది తొంబదిమందికి నయమగును. మనము చేయదగినది ఆ కాలమును తగ్గించుకొనుటయు, తిరిగి రాకుండ చూచుకొనుటయు. నేను దీనిని మామిడి అంటుతో పోల్చుకొందును. క్రొత్తగా కట్టిన అంటును ప్రతిదినము కదలించినచో అతుకదు. అట్లని ఎల్లకాలము నీడలోనే యుంచినచో ఎండకు తాళదు. మొదట నీడ, పిదప కొంచెము ఎండ, పిదప పొలము. చేతికిని అదే క్రమము.

1. నీడ కాలము: రెండు మూడు వారములు. నొప్పి పుట్టించు పనిని తగ్గింపవలెను. చేతిని పూర్తిగా కట్టి వ్రేలాడదీయరాదు. కదలని కండరము క్షీణించును. ఎత్తవలసివచ్చినప్పుడు ఒక్క నియమము గుర్తుంచుకొనుడు: అరచేయి ఆకాశమును చూడవలెను, మోచేయి వంగి ఒంటికి దగ్గరగా నుండవలెను. అరచేయి క్రిందికుండి చేయి చాపి యెత్తినచో బరువంతయు ఆ ముడిపై పడును. అరచేయి పైకుండినచో బరువు జబ్బకండరము మోయును. పాలక్యాను, బిందె, ఎరువుబుట్ట, అన్నిటికిని ఇదే నియమము. నొప్పి మిక్కుటమైనప్పుడు మంచుగడ్డను గుడ్డలో చుట్టి పది పదునైదు నిమిషములుంచవచ్చును. పైన పూయు డైక్లోఫెనాకు లేపనము కొంతకాలము వాడవచ్చును. నొప్పి గోలీలను మాత్రము వైద్యుని యడుగక దినదినము మ్రింగరాదు; అవి కడుపును, మూత్రపిండములను చెఱచును. ఎండలో చెమటోడ్చువారికి ఆ యపాయము అధికము.

2. పట్టీ. మోచేతి మడతకు రెండు వ్రేళ్ల వెడల్పు దిగువను, కండరము లావుగా నున్న చోట కట్టు పట్టీ దుకాణములలో దొరకును. అది లాగుడులో కొంత తాను భరించి, ముడికి ఊరట నిచ్చును. పనివేళ మాత్రమే కట్టవలెను. వ్రేళ్లు తిమ్మిరెక్కునంత బిగింపరాదు. రాత్రి తీసివేయవలెను. ఇది ఊతకఱ్ఱయే గాని మందు కాదు.

3. కొంచెము ఎండ: వ్యాయామము. ఇదియే చికిత్సకు ప్రాణము. మొదటి వారములలో: ముంజేతిని బల్లపై నానించి, అరచేయి క్రిందికుంచి, మణికట్టు బల్ల అంచునకు వెలుపల నుండునట్లు కూర్చుండవలెను. రెండవచేతిని మీద నుంచి, క్రింది చేయి పైకి లేవబోవుచుండగా లేవనీయక నిలుపవలెను. ముప్పది నలుబది లెక్కపెట్టువఱకు నుంచి విడువవలెను. ఇట్లు అయిదుమార్లు; దినమునకు ఒకటి రెండు పర్యాయములు.

ఇది తేలికయైన పిమ్మట: అదే విధముగ కూర్చుండి, చేత అరలీటరు నీళ్లసీసాను పట్టవలెను, అది అరకిలో బరువు. రెండవచేతి సాయముతో మణికట్టును పైకెత్తి, సాయము విడిచి, అయిదు లెక్కించువఱకు మెల్లమెల్లగా క్రిందికి దింపవలెను. ఎత్తుటకంటె దింపుటయే ముఖ్యము. పది మొదలు పదునైదుమార్లు చేసి, నిమిషము విశ్రమించి, అట్లు మూడు వరుసలు చేయవలెను. వారము రెండు వారములకొకసారి బరువు కొంచెము పెంచుచు, కిలో, కిలోన్నర, రెండు కిలోల వఱకు పోవచ్చును. తుదకు, చేయి చాపి, అరచేయి క్రిందికుంచి, రెండవచేతితో మణికట్టును మెత్తగా వంచి, ముప్పది లెక్కించువఱకు సాగదీయవలెను, మూడుమార్లు.

వ్యాయామమున కొంచెము నొప్పి కలుగుట దోషము కాదు. పదింటిలో మూడు నాలుగు పాళ్లకు మించరాదు. మరునాటి ఉదయమునకు తగ్గిపోవలెను. మరునాడు హెచ్చినయెడల బరువెక్కువైనదని యర్థము; తగ్గించుడు, మానకుడు. వారములో ఫలము గానరాదు. ఆఱు వారములకు కొంత, మూడు నెలలకు చాలవఱకు కానవచ్చును. నా మట్టుకు మూడవ నెలలో గ్లాసెత్తితిని. అయిదవ నెలలో కత్తెర పట్టితిని. తొమ్మిదవ నెలలో చేతికి నొప్పి యున్నదను మాటయే మఱచితిని.

4. ఇతర చికిత్సలు. రోగి రక్తమునుండి తీసిన ప్లేట్‌లెట్ల ద్రవమును ఎక్కించు పద్ధతి నగరమున ప్రబలినది. దానికి వ్యయము హెచ్చు. ఆ విషయమై జరిగిన పరీక్షలన్నిటిని 2021లో కాక్రేను సంస్థ సమీక్షించి, ఉప్పునీటి సూదికంటె దానివలన చెప్పుకొనదగిన మేలు కలుగదని తేల్చెను. కావున అప్పుచేసి దానికి పోవుటకు ముందు రెండుమార్లాలోచింపుడు. ఏడాది శ్రద్ధగా వ్యాయామము చేసినను మానని కొద్దిమందికి శస్త్రచికిత్స కలదు. వాతలు పెట్టించుట, బలముగా తిక్కించుట, కట్టు కట్టించి నెలలు కదల్పకుండుట, ఇవి పనికిరావు. ఎముక విఱిగినవారు పుత్తూరు కట్టునకు పోవుదురు. ఇచ్చట ఎముక విఱుగలేదు.

5. బీడీ, మధుమేహము. పొగత్రాగువారికి ఈ నొప్పి యెక్కువగా వచ్చును, ఆలస్యముగా మానును. రక్తములో చక్కెర హెచ్చినవారికిని మానుట నిదానము. చేతికి మందు వెదకునప్పుడు వీనిని గూడ చూచుకొనవలెను.

వైద్యుని వద్దకు తప్పక పోవలసిన గుర్తులు

వ్రేళ్లు తిమ్మిరెక్కి మొద్దుబాఱుట, వ్రేళ్లనో మణికట్టునో ఎత్తలేకపోవుట, మెడనుండి నొప్పి క్రిందికి ప్రాకుట: ఇవి నరము నొక్కుకొన్న గుర్తులు. మోచేయి ఎఱ్ఱబాఱి, వేడియై, వాచి, జ్వరము వచ్చుట: ఇది చీముపట్టుటకు గుర్తు. పడిన వెంటనే నొప్పి పుట్టుట, మోచేయి చాపలేకపోవుట, నడుమ తట్టుకొని నిలిచిపోవుట: కీలులో దోషము. రాత్రివేళ విశ్రాంతిలోను విడువని నొప్పి. వీనిలో నేది యున్నను ఈ వ్యాసము నమ్ముకొని కూర్చుండరాదు. ఛాతీలో బరువుతో, చెమటతో, చేతికి ప్రాకు నొప్పి గుండెకు సంబంధించినది. అట్టివారిని క్షణము జాగు చేయక ఆసుపత్రికి చేర్పవలెను.

ఉస్మానియా, గాంధీ ఆసుపత్రులలోను, పంజాగుట్టలోని నిమ్సునందును ఎముకల వైద్యులును, వ్యాయామ చికిత్సకులును గలరు. వ్యాయామము నొక్కమాఱు వారియెదుట చేసి చూపి, తప్పులు దిద్దుకొనుట మేలు. సూది వేయుదమన్నచో, "ఏడాదికి నా చేయి ఎట్లుండును" అని యడుగుడు. అడుగుట అమర్యాద కాదు.

రాకుండ జూచుకొనుట

పనిముట్టు పదును చేతికి మందు. మొద్దు కత్తెరతో కొమ్మ కోయుటకు బిగింపు రెట్టింపగును. తోటకు పోవు ముందు సానపట్టుటకు పట్టు పది నిమిషములు వృథా కావు. పిడి మిక్కిలి సన్ననైనచో వ్రేళ్లు గట్టిగా బిగియవలెను. పాత సైకిలు ట్యూబునో గుడ్డనో చుట్టి, బొటనవ్రేలును నడిమివ్రేలును ఇంచుమించు కలిసికొనునంత లావు చేయుడు. కొడవలిని, పారను అవసరమున్నంతే పట్టుడు. చాలమంది కోడిని పట్టినట్లు పట్టుదురు.

భుజమున వేసికొను చేతిపంపులో పిడి సాధారణముగ నెడమచేత నాడింతుము. నిమిషమునకు పదునైదు ఇరువదిమార్లైనచో గంటకు వేయిమార్లు. అందుచేత పిచికారీ చేయువారికి ఎడమ మోచేయి నొచ్చుట వింత కాదు. ప్రతి రెండు డబ్బాలకును మనిషి మాఱవలెను. బ్యాటరీ పంపులో ఈ యాడించుట లేదు. పాలు పిండువారు బొటనవ్రేలు మడిచి లాగుట మాని, నాలుగు వ్రేళ్లతో మెత్తగా పిండి, గేదె గేదెకు నడుమ చేతులు విదలించుకొనవలెను. బట్టలు పిండునప్పుడు మన యింటి స్త్రీల చేతులకును ఇదే బాధ కలుగును. తడిదుప్పటిని ఒంటరిగా మెలిపెట్టక, కొళాయికి చుట్టి పిండుట మేలు. మా పొరుగింటి చిన్నవానికి నేను చెప్పినది: మౌసును దగ్గరకు తెచ్చుకొనుము, ముంజేయి మొత్తము బల్లపై నానుము, మణికట్టు పైకి వంగకుండ చూచుకొనుము, అరగంటకొకసారి చేయి విడువుము. అతడు దానితోపాటు నీళ్లసీసా వ్యాయామమును చేసెను. ఇప్పుడు మేమిద్దఱము పట్టీలు లేకయే రైలెక్కుచున్నాము.

సంఘము చేయదగినది

ఈ నొప్పి ఒక్కని చేతికి వచ్చినను, దాని నివారణ నలుగురి చేతిలో నున్నది. తోట యజమాని పండ్రెండు దినముల కత్తిరింపును నలుగురు కూలీలచేతనే చేయించి, అందులో నొకనికి చేయి పడినచో, "వేఱొకనిని చూచుకొందును" అనుట సులభము. ఆ పడినవాని యింట పొయ్యి సంగతి యెవరు చూతురు? కావున రాబోవు సర్వసభ్య సమావేశమున మూడు ప్రస్తావనలు తేదలచితిని. సంఘము పక్షమున రెండు బ్యాటరీ పంపులు కొని స్వల్పపు అద్దెకు సభ్యులకిచ్చుట యొకటి. కత్తిరింపు కాలమునకు ముందు ఒక దినము నియమించి సంఘ కార్యాలయమువద్ద కత్తెరలు, కొడవళ్లు సానపట్టించుట రెండవది. కత్తిరింపు పనిలో కూలీలను రెండు గంటలకొకసారి మోయుపనికి, కట్టుపనికి మార్చు నియమమును సభ్యులందఱు ఒప్పుకొనుట మూడవది. మొదటి దానికే కొంత ధనము కావలెను. తక్కిన రెంటికి మనసు చాలును.

మిషను బడిలో నేను చదువుకొను నాడు మా చేతివ్రాత పంతులు కలమును పిడికిట బిగించిన పిల్లవాని వ్రేళ్లపై మెల్లగా తట్టి, "పట్టు సడలించు, అక్షరము తానే వచ్చును" అనువాడు. ముప్పదియేండ్ల తరువాత గాని ఆ మాట చేతికెక్కలేదు. కత్తెర పట్టిన మీకును అదే చెప్పుచున్నాను.

ఇట్లు,
ఒక వ్యవసాయ డిమాన్‌స్ట్రేటరు, హఫీజ్‌పేట.